మూడు కాపీలూ ఒకే గదిలో

మూడేళ్ళ కిందట మా నాయనమ్మ చెప్పిన ముచ్చట్లతో ఒక వ్యాసం రాశాను. 1948లో రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు ఆమె మూడు రాత్రులు జొన్నచేలో దాక్కున్న సంగతి అందులో ముఖ్యం. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. చదువుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయని ఇద్దరు ముగ్గురు రాశారు కూడా. నాకూ కాస్త గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు. పోయిన దసరాకి ఊరెళ్తే మా చిన్నాయన, ఆ వ్యాసం ఎవరో ఫోన్లో పంపితే చదివానన్నాడు. కాసేపు ఊరుకుని, "బాగనే రాసినవ్ గానీ, అప్పటికి మా అమ్మ ఇంకా ఈ ఊరికి కాపురానికే రాలేదు గదరా" అన్నాడు.

నేను వాదించాను. రికార్డింగ్ ఉందన్నాను. ఆమె గొంతుతో ఆమే చెప్పిందన్నాను. చిన్నాయన వాదనలు పెట్టుకునే మనిషి కాదు. "చెప్పుండొచ్చు. మా చిన్నప్పుడు మాకూ చెప్పేది. కానీ ఆ చేన్ల దాసుకున్నది మా పెద్దమ్మ అనుకున్న ఇన్నేండ్లు" అని టీవీ పెట్టుకున్నాడు. పెద్దమ్మ అంటే నాయనమ్మ పెద్దక్క. అక్కచెల్లెళ్ళిద్దర్నీ ఒకే ఊరికి ఇచ్చారు. అక్క ముందొచ్చింది. చెల్లెలు ఎప్పుడొచ్చిందన్నదే ఇప్పుడు తగాదా. తేల్చడానికి ఇద్దరూ లేరు. నాయనమ్మ 2019లో పోయింది, అక్క అంతకు చాలా ముందే.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఆ రికార్డింగ్ మళ్ళీ వినాలంటే భయమేసింది. వినే బదులు పుస్తకాలు తిరగేశాను. పని ఎగ్గొట్టడానికి చదువుని వాడుకోవడం నాకు ఇంజనీరింగ్ రోజుల నుంచీ అలవాటే. మనుషుల్ని అడిగి, వాళ్ళ మధ్య కూర్చుని, చూసి రాసిన పరిశోధనని ఎలా నమ్మాలి? అంకెలైతే మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు. ప్రయోగమైతే మళ్ళీ చెయ్యొచ్చు. ఒక ముసలామె ఒక మధ్యాహ్నం చెప్పిన మాటని మళ్ళీ చేయించలేం. ఆఫీసులో ఎవరైనా ఒక బగ్ గురించి చెప్తే మా మొదటి ప్రశ్న, మళ్ళీ చేసి చూపించగలవా అని. చూపించలేకపోతే ఆ టికెట్ మూసేస్తాం. చరిత్రలోనూ సమాజశాస్త్రంలోనూ అలా మూసేస్తే ఏం మిగుల్తుంది?

ఎం.ఎన్. శ్రీనివాస్ పేరు సోషియాలజీ చదవనివాళ్ళకి తెలియకపోవచ్చు. తెలియకపోయినా ఆయన మాటలు వాడుతుంటారు. సంస్కృతీకరణ, ఆధిపత్య కులం, ఆఖరికి మన టీవీ చర్చల్లో రోజూ నలిగే ఓటు బ్యాంకు కూడా ఆయన రాతల్లోంచే జనంలోకి వచ్చిందంటారు. మైసూరులో పుట్టి, బొంబాయిలో ఘుర్యే దగ్గర, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఎవాన్స్-ప్రిచర్డ్‌ల దగ్గర చదువుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఉద్యోగమిస్తూనే, మొదటి ఏడాది పల్లెలో ఉండి పరిశోధన చేసుకోమన్నారు. 1948లో మైసూరు ప్రాంతంలో ఒక ఊరికి వెళ్ళాడు. దాదాపు ఏడాది అక్కడే. 1952 వేసవిలో మళ్ళీ. ఆ ఊరికి ఆయన పెట్టుకున్న మారుపేరు రాంపుర.

అక్కడ రాసుకున్న నోట్సుని ఏళ్ళ తరబడి విడదీసి, విషయాలవారీగా సర్ది, మూడు కాపీలు చేసి పెట్టుకున్నాడు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో సమాజశాస్త్రాల పరిశోధనకని ఉన్న ఒక కేంద్రంలో, ఇక ఆ పుస్తకం రాసేద్దామని కూర్చున్నాడు. అవి వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అమెరికన్ క్యాంపస్‌లు అట్టుడికిపోతున్న రోజులు. ఏప్రిల్ 24న ఎవరో ఆ కేంద్రానికి నిప్పు పెట్టారు. శ్రీనివాస్ గది కాలిపోయింది. మూడు కాపీలూ ఆ గదిలోనే ఉన్నాయి.

ఈ వాక్యం చదివి నేను పుస్తకం మూసి లేచి నాలుగడుగులు అటూ ఇటూ నడిచాను. నా ఉద్యోగంలో సగం, మంది డేటాకి బ్యాకప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డమే. మూడు కాపీలు ఒకే చోట ఉంటే అవి మూడు కాపీలు కావు, ఒకటే అని కొత్తగా చేరిన పిల్లలకి చెప్తుంటాం. అది ఆయనకి తెలియక కాదు. పుస్తకం రాయడానికి కూర్చున్న మనిషి కాగితాలన్నీ చుట్టూ పెట్టుకునే కూర్చుంటాడు గదా.

మొదట చేత్తో రాసుకున్న ముడి నోట్సు ఢిల్లీలో ఉన్నాయి. కాలినవి వాటిని జల్లించి తయారుచేసినవి. మళ్ళీ మొదట్నుంచీ ఆ పని చెయ్యడానికి ఓపికా వయసూ ఎక్కడివి? షికాగో ఆంథ్రొపాలజిస్టు సోల్ టాక్స్, నోట్సు లేకుండా జ్ఞాపకం నుంచే రాయమని సలహా ఇచ్చాడు. రాశాడు. 1976లో 'ది రిమెంబర్డ్ విలేజ్' వచ్చింది. పేరులోనే ఒప్పుకోలు ఉంది. ఇది ఊరు కాదు, నాకు గుర్తున్న ఊరు అని. ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ళ కిందటి ఊరు.

పుస్తకం చదివితే నవల చదివినట్టే ఉంటుంది. ఊరిపెద్ద, నాడుగౌడ, తనంతట తనే వచ్చి సహాయకుడిగా కుదురుకున్న కుళ్ళేగౌడ, ఈ ముగ్గురికీ ఒక అధ్యాయమే ఉంది. కుళ్ళేగౌడ లాంటివాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. పట్నం నుంచి ఎవరొచ్చినా ముందు వాడే ఎదురొస్తాడు. మనం ఎవర్ని కలవాలో, ఎవర్ని కలవక్కర్లేదో వాడే తేలుస్తాడు. పరిశోధన పుస్తకాల్లో ఇలాంటివాణ్ణి సాధారణంగా ముందుమాటలో ఒక కృతజ్ఞతలోకి కుదించి, తర్వాత ఊరంతా తామే తిరిగి చూసినట్టు రాస్తారు. శ్రీనివాస్ ఆ పని చెయ్యలేదు. కుళ్ళేగౌడ తన కళ్ళకి ఎలాంటి అద్దాలు తగిలించాడో పాఠకుడికి తెలిసేలా, కొంత విసుగుతో, కొంత ప్రేమతో రాశాడు.

అంతకంటే పెద్ద సంగతి, తను ఎక్కడ కూర్చుని చూశాడో చెప్పడం. ఆయన బస ఊరిపెద్దకి చెందిన ఇంట్లో. ఒక పక్క ఎడ్లు, ఒక పక్క ఆయన. ఊరిపెద్ద ఒక్కలిగ, భూమీ మాటా రెండూ ఉన్నవాడు. శ్రీనివాస్ బ్రాహ్మడు, అప్పటికింకా పెళ్ళికానివాడు. ఊరు ఆయన్ని బ్రాహ్మడిలాగే ఉండమంది. దళితవాడకి ఇష్టం వచ్చినట్టు వెళ్ళి కూర్చోవడం కుదర్లేదు. ఆడవాళ్ళతో మాట్లాడ్డం కుదర్లేదు. ఈ సంగతులు ఆయనే చెప్పుకున్నాడు. 1978లో 'కాంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ' అనే పత్రిక ఈ ఒక్క పుస్తకం మీదే ఒక సంచిక నడిపింది. జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యం, ఇది పైకులాల అరుగు మీంచి కనిపించిన ఊరు కాదా అన్న ప్రశ్నలు అలాంటి పుస్తకానికి తప్పవు. నా కుతూహలం వేరే చోట. ఆ రెండో ప్రశ్న అడగడానికి కావలసిన సరుకు ఎక్కువభాగం పుస్తకంలోనే దొరుకుతుంది. తన మీద కేసు పెట్టడానికి కావలసిన కాగితాలు తనే ఇచ్చాడన్నమాట.

అయితే నాకు ఆ పుస్తకంతో ఒక పేచీ ఉంది. జ్ఞాపకం కథని నున్నగా చేస్తుంది. ఇరవై ఏళ్ళు గుర్తుండిపోయే మనుషులు గట్టిగా మాట్లాడేవాళ్ళు, నవ్వించేవాళ్ళు, పోట్లాడేవాళ్ళు. ఏమీ మాట్లాడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు రోజువారీ నోట్సులోనైతే కనీసం ఒక పేరుగానో, ఒక ఇంటి నంబరుగానో ఉంటారు. జ్ఞాపకంలో ముందు కాలిపోయేది వాళ్ళే. స్టాన్‌ఫర్డ్ మంటల్లో ఎవరు పోయారన్నది నాకు ఆ పుస్తకం పొడుగునా తోస్తూనే ఉంది.

ఊరికి మారుపేరు పెట్టడం గురించి కూడా ఒక మాట. ఊరివాళ్ళకి ఇబ్బంది కలక్కుండా అలా పెడతారు, మర్యాదే. కానీ ఇంచుమించు అదే కాలంలో మన ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే ఒక బృందంతో వెళ్ళి చేసిన అధ్యయనానికి, 1955లో 'ఇండియన్ విలేజ్' పేరుతో వచ్చిన పుస్తకానికి, ఊరు శామీర్‌పేట. అసలు పేరే. ఈ శనివారం బండేసుకుని వెళ్ళి, చెరువుగట్టు మీద కూర్చుని, ఆ పుస్తకంలోని వాడలు ఎక్కడుండేవని పెద్దవాళ్ళని అడగొచ్చు. నేను వెళ్ళాను కూడా. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఆ ఊళ్లో పాత ఊరిని వెతుక్కోవడమే ఒక పరిశోధన, అది వేరే కథ.

శ్రీనివాస్ నోట్సు పోయాయి. నోట్సు పోకుండా ఉంటే గొడవ ఉండేది కాదా? ఉండేది. ఆంథ్రొపాలజీలో అందరికంటే పెద్ద గొడవ, కాగితాలు భద్రంగా మిగిలిన మనిషి మీదే జరిగింది.

మార్గరెట్ మీడ్ 1925లో, ఇరవై మూడేళ్ళ వయసులో, కొలంబియాలో తన గురువు ఫ్రాంజ్ బోయాస్ పంపితే అమెరికన్ సమోవాకి ఓడెక్కింది. ఆమె తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈడొచ్చిన పిల్లల్లో కనిపించే తిక్క, కోపం, కలత ఒంటి తత్వమా, లేక పెరిగిన సమాజం నేర్పిందా? కొన్ని వారాలు భాష నేర్చుకుని తాఊ అనే చిన్న దీవికి చేరింది. మూడు ఊళ్ళు, అరవై ఎనిమిది మంది అమ్మాయిలు. 1928లో 'కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ సమోవా' వచ్చింది. సమోవాలో ఆ వయసు హాయిగా గడిచిపోతుందనీ, అక్కడి అమ్మాయిలకి పెళ్ళికి ముందు ప్రేమలు పెద్ద పాపభారం కావనీ ఆ పుస్తకం చెప్పింది. ప్రచురణకర్త సలహా మీద చివర రెండు అధ్యాయాల్లో అమెరికన్ తల్లిదండ్రులకి పాఠాలు కూడా కలిపింది. ఆ పుస్తకం దశాబ్దాల పాటు అమెరికాలో కాలేజీ పిల్లలందరి చేతుల్లోనూ తిరిగింది.

ఆమె కూడా ఒక అరుగు మీదే కూర్చుంది. సమోవన్ ఇంట్లో కాకుండా, దీవిలో ఉన్న ఒకే ఒక్క అమెరికన్ కుటుంబం దగ్గర, నౌకాదళం వాళ్ళ మందుల కేంద్రంలో బస. సమోవన్ ఇళ్ళకి గోడలుండవు, ఒక్క నిమిషం ఏకాంతం దొరకదు, రాసుకోవడం కష్టం అనుకుంది. అమ్మాయిలే ఆమె వరండాలోకి వచ్చేవాళ్ళు. దీనికో లాభముంది. పెద్దవాళ్ళ చెవులకి దూరంగా పిల్లలు స్వేచ్ఛగా మాట్లాడతారు. నష్టమూ ఉంది. మాట్లాడ్డానికి వచ్చేవాళ్ళే ఆమెకి దొరుకుతారు.

మీడ్ 1978లో చనిపోయింది. 1983లో డెరెక్ ఫ్రీమన్ అనే ఆస్ట్రేలియా ప్రొఫెసర్, పుట్టుక న్యూజీలాండ్, హార్వర్డ్ వాళ్ళ ప్రచురణగా ఒక పుస్తకం తెచ్చాడు. మీడ్ రాసిన సమోవా అసలు లేనే లేదు, ఆ సమాజంలో కన్యాత్వానికి ఇచ్చే విలువ, క్రమశిక్షణ, హింస ఆమెకి కనిపించలేదు అన్నాడు. పుస్తకం బజార్లోకి రాకముందే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త. అదే ఏడు అమెరికన్ ఆంథ్రొపాలజిస్టుల సంఘం తన సమావేశంలో ఆ పుస్తకాన్ని అశాస్త్రీయమని ఖండిస్తూ తీర్మానం చేసింది. చేతులెత్తి ఓటేసి ఒక పుస్తకం తప్పని తేల్చడం! ఇంతకంటే ఘోరమైన పద్ధతి నాకు తోచడం లేదు. మీడ్‌ని వెనకేసుకొచ్చినవాళ్ళు ఆమెకి చేసిన నష్టం అది.

తర్వాత కథ ఇంకా రసవత్తరం. 1987లో ఫ్రీమన్ ఒక డాక్యుమెంటరీ బృందంతో తాఊ దీవికి వెళ్ళినప్పుడు ఫాపువా అనే ఎనభై ఆరేళ్ళ ముసలామె ముందుకొచ్చింది. 1926లో మీడ్‌కి స్నేహితురాలు. తనూ, ఇంకో స్నేహితురాలు ఫోఫోవా కలిసి, రాత్రిళ్ళు ఎక్కడికెళ్తారని మీడ్ అడిగితే, ఒకరినొకరు గిల్లుకుంటూ, అబ్బాయిలతో గడుపుతామని వేళాకోళంగా చెప్పామంది. మీడ్ దాన్ని నిజమనుకుని రాసేసిందట. బైబిల్ మీద ప్రమాణం కూడా చేసింది. ఫ్రీమన్ ఈ సాక్ష్యం మీద 1999లో ఇంకో పుస్తకమే రాశాడు. ప్రపంచం నవ్వింది. ఇద్దరు పల్లెటూరి ఆడపిల్లలు ఒక మహా పండితురాల్ని బోల్తా కొట్టించారన్న కథలో ఉన్న రుచి అలాంటిది. నేను కూడా మొదట విన్నది ఈ వేళాకోళం కథే. కాలేజీలో ఎవరో చెప్తే, సోషల్ సైన్సంటే ఇంతేగా అని మా ఇంజనీర్ల గుంపంతా నవ్వుకున్నాం.

ఇక్కడ కాగితాలు పనికొచ్చాయి. మీడ్ ఏదీ పారేసే మనిషి కాదు. ఆమె సామగ్రి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఐదు లక్షల అంశాలకు పైగా ఉంది. మార్టిన్ ఓరన్స్ అనే ఆయన కూర్చుని సమోవా నోట్సు చదివి 1996లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఇద్దరికీ చీవాట్లే. వేళాకోళం వల్ల మీడ్ మోసపోలేదు, కన్యాత్వానికి అక్కడిచ్చే విలువ సంగతి ఆమెకి ముందే బాగా తెలుసునని నోట్సులోనే ఉంది. అయితే ఆమె పెద్ద ప్రతిపాదనలు ఎంత వదులుగా ఉన్నాయంటే, వాటిని తప్పని నిరూపించడానికి కూడా వీల్లేదు. ఒప్పా తప్పా అన్న దశకే అవి చేరలేదని ఆయన తీర్పు. నాకు ఈ గొడవ మొత్తంలో నచ్చిన విమర్శ ఇది. నిజాయితీగా చేసిన పని కూడా, ఎక్కడ తేలిపోతుందో చెప్పకుండా రాస్తే, నమ్మడానికీ పనికిరాదు, కాదనడానికీ పనికిరాదు.

ఆ తర్వాత పాల్ షాంక్‌మన్ అనే ఇంకో సమోవా పరిశోధకుడు ఫ్రీమన్ వైపు కాగితాలు చూశాడు. అవి కాలిఫోర్నియాలో శాన్‌డియేగో విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఫాపువాతో జరిగిన ఇంటర్వ్యూల పూర్తి పాఠాలు వాటిలో దొరికాయి. మొదటి ఇంటర్వ్యూ చేసింది ఫ్రీమన్ కాదు. అమెరికన్ సమోవా ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న ఒక సమోవన్ నాయకుడు. పైగా ఆయన ఆ రెండో స్నేహితురాలు ఫోఫోవా కొడుకు. మీడ్ తన పుస్తకంలో మనందర్నీ అవమానిస్తూ రాసిన అబద్ధాల్ని సరిచెయ్యడానికే ఈ ఇంటర్వ్యూ అని ముందే చెప్పి, తర్వాత అడగడం మొదలెట్టాడు. ఎనభై ఆరేళ్ళ మనిషి, ఎదురుగా ఊరందరూ గౌరవించే పెద్దమనిషి, పక్కన కెమెరా. ఆమె ఏం చెప్తుంది? తర్వాతి ఏళ్ళలో జరిగిన ఇంటర్వ్యూలు పక్కన పెట్టి చూస్తే, ఆమె మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇంకో సంగతి. 1926లో ఫాపువా ఈడొస్తున్న పిల్ల కాదు, మీడ్ వయసుదే. మీడ్ పట్టికలోని అమ్మాయిల్లో ఆమె లేదు. ఈ విషయాల గురించి ఆమె చెప్పింది రాసుకున్న దాఖలా కూడా మీడ్ నోట్సులో లేదు. వేళాకోళం జరిగిందే అనుకున్నా, పుస్తకం దాని మీద నిలబడలేదు.

ఫ్రీమన్ కూర్చున్న అరుగు కూడా చూడాలి. నలభైల్లో, అరవైల్లో ఆయన ఉన్నది పశ్చిమ సమోవాలో. ఒక పెద్ద ఆయన్ని కొడుకుగా స్వీకరించాడు, నాయకుల బిరుదు కూడా ఇచ్చారు. ఊరిపెద్దల సభలో కూర్చున్నవాడికి క్రమశిక్షణ, పరువు, కన్యాత్వం కనిపిస్తాయి. అమ్మాయిలతో వరండాలో కూర్చున్నామెకి చీకటిపడ్డాక తోటల్లో జరిగే సంగతులు వినిపిస్తాయి. ఎవరో ఒకరు అబద్ధం చెప్పి తీరాలన్న పట్టుదల వల్లే పదిహేనేళ్ళు వృథా అయ్యాయని నా అనుమానం. మన ఊళ్లో అయినా అంతే. సర్పంచి ఇంట్లో టీ తాగుతూ విన్న ఊరూ, బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడి విన్న ఊరూ ఒకటి కావు.

ఈ గొడవలన్నిటి నడుమ, 1985లో లింకన్, గూబా అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇలాంటి పనుల్ని తూచడానికి నాలుగు తూనికరాళ్ళు ఇచ్చారు. చెప్పింది నమ్మదగ్గట్టు ఉందా, వేరేచోటికి పనికొస్తుందా, పద్ధతిలో నిలకడ ఉందా, చెప్పినవి పరిశోధకుడి మనసులోంచి కాక సరుకులోంచే వచ్చాయని ఇంకొకరు పోల్చుకోగలరా. తర్వాత ఇది పెద్ద పరిశ్రమ అయింది. 2007లో వైద్య పరిశోధకులు ఇంటర్వ్యూల కోసం ముప్పై రెండు ప్రశ్నల చెక్‌లిస్టు తయారుచేశారు. చెక్‌లిస్టులంటే నాకు గౌరవమే, వాటి మీదే బతుకుతున్నాను. కానీ ముప్పై రెండుకీ టిక్కు పెట్టి, పనికిరాని సాఫ్ట్‌వేర్‌ని విడుదల చేసిన అనుభవం కూడా ఉంది. లింకన్, గూబా చెప్పినవాటిలో నాకు గట్టిగా పట్టుకున్నది ఒకటే, ఆడిట్ ట్రయల్. ఏం విన్నావు, ఎప్పుడు రాసుకున్నావు, దేన్ని వదిలేశావు, ఎందుకు మనసు మార్చుకున్నావు అన్న జాడ. మా భాషలో లాగ్. లాగ్ ఉన్నంత మాత్రాన ప్రోగ్రాం సరైనదని కాదు. కానీ లాగ్ లేని ప్రోగ్రాం పాడైతే ఎక్కడ పాడైందో వెతకడానికి చోటే ఉండదు.

మన దగ్గర ఈ పని నాకు తెలిసినంతలో అందరికంటే బాగా చేసింది హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కలిసి, వాళ్ళ మాటల్ని రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. ఇంగ్లీషులో 1989లో వచ్చింది. మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ లాంటివాళ్ళ గొంతులు అందులో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని మనం సాధారణంగా వీరగాథలా చదువుతాం. నేను ఈసారి వేరే కన్నుతో చదివాను. అడుగుతున్నవాళ్ళు మేమెవరం, ఏం వినాలని వెళ్ళాం, విన్నది దానికి ఎక్కడ సరిపోలేదు అన్నది వాళ్ళు దాచుకోలేదు. పోరాటం గొప్పగా ఉండేదన్న నోటితోనే, అయిపోయాక ఇంటికి పొమ్మన్నారన్న బాధ కూడా వస్తుంది. ఆ రెండిటినీ కలిపి చదును చెయ్యలేదు. ఒక సంఘటన తేదీ ఎవరికైనా తప్పు గుర్తుండొచ్చు. దాన్ని వేరే కాగితాలతో సరిచూసుకోవచ్చు. ఆ బాధని సరిచూడ్డానికి ఇంకే కాగితమూ లేదు, ఆమె మాట తప్ప. అందుకే ఆ మాట ఏ ప్రశ్నకి జవాబుగా వచ్చిందన్నది అంత ముఖ్యం.

ఇంతదాకా వచ్చాక ఇక తప్పించుకోవడం కుదర్లేదు. ఒక ఆదివారం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాయనమ్మ రికార్డింగ్ విన్నాను. 2016, మా ఊరి ఇల్లు, వెనక కోళ్ళు. నలభై నిమిషాలకు కొంచెం ఎక్కువ. వ్యాసం రాసేటప్పుడు ఆమె మాటలు మాత్రమే కాగితం మీదికి ఎత్తుకున్నాను. నా ప్రశ్నలు రాసుకోలేదు. ఈసారి రెండూ రాశాను.

రాస్తుంటే చెవులు వేడెక్కాయి. "రజాకార్లు వచ్చినప్పుడు ఎక్కడ దాక్కున్నరు నాయనమ్మా?" అని నేనే అడిగాను. వాళ్ళొచ్చారని ఆమె అప్పటికింకా అననేలేదు. "ఏడ దాసుకుంటం బిడ్డా, ఏడుంటే ఆడ్నే" అంది. నాకు అది చాల్లేదు. "చేన్లలో దాక్కునేవాళ్ళంట గదా?" అన్నాను. ఎక్కడో చదివింది. "ఆఁ, జొన్న చేన్ల. మనిషి మునిగేంత ఎత్తుండె" అంది. "ఎన్ని రోజులు? మూడు నాలుగు రోజులా?" "మూడు రాత్రులు." మూడు రాత్రులన్న మాట ఆమెదే. మూడన్న అంకె మాత్రం నా ప్రశ్నలోదే.

సమోవాలో ఆ పెద్దమనిషి ఫాపువాని అడిగిన తీరుకీ, నేను అడిగిన దానికీ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి. ఆయనకి ఒక పరువు నిలబెట్టాలనుంది. నాకు ఒక మంచి వ్యాసం కావాలనుంది.

ఆమె అబద్ధమాడిందని నేననుకోవడం లేదు. రికార్డింగంతా ఆమె 'మేము' అనే అంది. ఒక్కచోట కూడా 'నేను' అనలేదు. 'మేము'ని 'ఆమె' చేసింది నేను. అక్క పడ్డ కష్టం చెల్లెలి నోట 'మేము' అవడం మన ఇళ్ళల్లో వింతేమీ కాదు. చిన్నాయన మాట మాత్రం నూటికి నూరూ ఖాయమా అంటే అదీ కాదు. ఆయన పుట్టింది ఆ తర్వాత పదేళ్ళకి. ఆయన విన్నదీ ఆమె నోటి నుంచే. నాయనమ్మ పెళ్ళి ఏ ఏడాదో చెప్పే కాగితం మా ఇంట్లో ఏదీ లేదు.

పాత వ్యాసాన్ని తీసెయ్యలేదు. కింద ఈ సంగతంతా రాసి, నా ప్రశ్నలతో సహా ఆ భాగం మొత్తం పెట్టాను. చిన్నాయన చెప్పింది కూడా, ఆయన్ని అడిగే, చేర్చాను. రికార్డింగ్ ఇప్పుడు మూడు చోట్ల ఉంది, మూడు వేరే వేరే ఊళ్ళల్లో.

ఒక్క చోటు మాత్రం ఖాళీగా వదిలేశాను. జొన్న చేను మాట వచ్చిన కాసేపటికి, ఆమె గొంతు తగ్గించి "మా అక్క" అని ఏదో మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే నేను తర్వాతి ప్రశ్న అడిగేశాను. నా గొంతు కింద ఆమె మాట నలిగిపోయింది. అది "మా అక్క చెప్తుండె" కావచ్చు. "మా అక్క పక్కనుండె" కావచ్చు. వేగం తగ్గించి విన్నాను, నా గొంతుని వడకట్టి తీసెయ్యడానికి ప్రయత్నించాను, సౌండు పని చేసే ఒక స్నేహితుడికి కూడా పంపాను. అక్కడ కోడి కూత స్పష్టంగా వినిపిస్తుంది.